అంచు లేని పరుపు

"వాడికి ఫోను చేస్తున్నాను," అన్నారు అత్తగారు.

"వద్దత్తయ్యా. ముందు ఆ వీధి తలుపు వేసి రండి."

గడియారాలమ్మ నేల మీద కూర్చుని ఉంది. వీపు మంచం కోడుకు ఆనుకుని ఉంది. ఒక కాలు చక్రాల కుర్చీ కిందికి దూరి, రెండవది పక్కకు మడతపడి ఉన్నాయి. నడుము కింది భాగంలో స్పర్శ పోయి నాలుగేళ్లయింది గనుక, తన కాళ్లు ఏ స్థితిలో ఉన్నాయో ఆమె కూడా చూసి తెలుసుకోవలసిందే. మంచానికీ కుర్చీకీ మధ్య వంతెనలా వేసుకునే నున్నని చెక్కపలక మూరెడు దూరంలో బోర్లా పడి ఉంది.

నాలుగేళ్లుగా ఆమె ఆ పలక మీదుగా ఎవరి సహాయమూ లేకుండా రోజూ మంచం దిగుతున్నది, ఎక్కుతున్నది. పాత పరుపు, కుర్చీ ఒకే ఎత్తున ఉండేవి. పది రోజుల క్రితం వచ్చిన కొత్త పరుపు నాలుగు అంగుళాలు ఎక్కువ ఎత్తు. అంతకన్నా చిక్కేమిటంటే, దానికి అంచనేదే లేదు. ఎక్కడ చెయ్యి మోపినా అక్కడ వెన్నలా కుంగిపోతుంది. ఆ కారణంగా ఈ పది రోజులుగా ఆమె భర్తే ఆమెను రెండు చేతుల మీద ఎత్తి దించుతున్నాడు, ఎత్తి పడుకోబెడుతున్నాడు.

ఈరోజు ఇంకాసేపు పడుకుంటానని అబద్ధమాడి, ఆమె అతన్ని తెల్లవారుజామున డ్యూటీకి పంపించివేసింది. తనంతట తాను ప్రయత్నించింది. పిడికిలి కింద పరుపు కుంగింది, పలక ఒరిగింది, ఆమె జారింది.

అత్తగారు చంకల కింద చేతులు వేసి లేపబోయారు. గడియారాలమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ నడుముకూ డెబ్బై ఏళ్లే. ఇద్దరూ నేల మీద పడితే అప్పుడు ఫోను చేయడానికి కూడా ఎవరూ ఉండరని చెప్పి, వంటింట్లోని పొట్టి స్టూలునూ, దుప్పట్లు దాచే పెట్టెనూ లాక్కురమ్మన్నది. నేల మీది నుంచి స్టూలు మీదికి, స్టూలు మీది నుంచి పెట్టె మీదికి, పెట్టె మీది నుంచి కుర్చీలోకి. మూడే మూడు మెట్లు. అందులో మొదటి మెట్టుకే పావుగంట పట్టింది.

మధ్యలో ముందు గది కిటికీ దగ్గర గంట మోగింది. ఆ గదిలోనే ఆమె గడియారాలు మరమ్మతు చేసేది. అత్తగారు వెళ్లి, ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి తిరిగి వచ్చారు.

"గంట ఆగి రమ్మన్నాను. గడియారాల కొట్లోనే టైము సరిగ్గా లేదా అని వెటకారం చేశాడు."

"మీరేమన్నారు?"

"గడియారమైతే బాగు చేస్తాం గానీ నోరు బాగు చేయలేమన్నాను."

గడియారాలమ్మ నవ్వింది. నవ్వుతూనే పెట్టె మీదికి చేరింది. మంచం మీదికి ఒరిగి ఊపిరి తీసుకుంటుండగా, వెనుక జారిన చీర సర్దుతున్న అత్తగారి చేయి హఠాత్తుగా ఆగిపోయింది.

అలా ఎందుకు ఆగిందో ఆమెకు తెలుసు. రోజూ పొద్దున్నే చేతి అద్దం పట్టుకుని తన తుంటి, వీపు చూసుకోవడం ఆమె అలవాటు. నొప్పి చెప్పని శరీరాన్ని కళ్లతో అడగవలసి ఉంటుంది. ఈరోజు అద్దం ముట్టకముందే జారిపోయింది.

"ఎంత ఉందత్తయ్యా?"

"చేతి గడియారం మొహమంత. ఎర్రగా."

"వేలితో నొక్కి వదలండి."

"నొప్పి పుడుతుందేమో."

"పుడితే బాగుండు."

అత్తగారు నొక్కి వదిలారు. తెల్లబడిందా అని గడియారాలమ్మ అడిగింది. లేదన్నారు. మళ్లీ నొక్కమంది. ఈసారి తానే అయిదు వరకు లెక్కపెట్టింది. వేలు తీసిన చోట ఎరుపు ఎరుపుగానే ఉంది.

దాని అర్థం ఇద్దరికీ తెలుసు. రెండేళ్ల క్రితం అలాంటి మచ్చే పుండై, ఆమెను ఏడు వారాలు బోర్లా పడుకోబెట్టింది. ఏడు వారాలు ముందు గది కిటికీ తెరుచుకోలేదు. పాత పరుపు మీద ఆమె రాత్రి రెండుసార్లు తనంతట తానే పక్క తిరిగేది. ఈ కొత్త పరుపు గుంటలో తిరగడానికి పట్టు దొరకదు. పడుకోబెట్టిన వైపే తెల్లవారుతుంది.

కుర్చీలోకి చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. అత్తగారు కాఫీ తెచ్చి చేతికిచ్చి, ఎదురుగా పెట్టె మీదే కూర్చున్నారు.

"నీ మీద నాకు కోపం వస్తోందమ్మాయ్. ఆ రోజు పరుపుల షాపులో అందరం పడుకుని చూశాం. వాడు పడుకున్నాడు, నేను పడుకున్నాను, చివరికి ఆ షాపాయన కూడా పడుకున్నాడు. పడుకోవలసినదానివి నువ్వొక్కదానివే పడుకోలేదు."

గడియారాలమ్మ కాఫీ ఒక గుక్క తాగింది.

అది సెలవు రోజు. షాపు నిండా జనం. షాపాయన మర్యాదగానే ఇద్దరు పనివాళ్లను పిలిచి, అమ్మగారిని ఎత్తి పరుపు మీద పడుకోబెట్టమన్నాడు. నాలుగు కుటుంబాలు తమ బేరాలు ఆపి ఇటు తిరిగాయి. అప్పుడామె అరచేత్తో పరుపును ఒకసారి నొక్కి, బాగుంది, ఇదే ఇవ్వండి అన్నది.

తన బల్ల మీదికి వచ్చిన గడియారాన్ని ముఖం పైకి పెట్టి, కిందికి పెట్టి, నిలువుగా, తలకిందులుగా, ఇరుపక్కలకూ తిప్పి, ఆరు భంగిమల్లో అది సరిగ్గా నడుస్తున్నదని రూఢి చేసుకోనిదే యజమాని చేతికివ్వని మనిషి ఆమె. తన శరీరానికి మాత్రం ఒక్క అరచేయి పరీక్ష చాలనుకుంది. ఆ బిడియం ఖరీదు ఇప్పుడు ఎడమ తుంటి మీద ఎర్రగా కనబడుతున్నది.

"పోనీ మార్చుకుందామంటే మార్చరట కదా," అన్నారు అత్తగారు. "వాడు కనుక్కున్నానన్నాడు."

నిజమే. పరుపు వచ్చిన ఆరవనాడే, ఇది తనకు కుదరలేదని, షాపుకు ఫోను చేయమని ఆమె భర్తను అడిగింది. మూట విప్పిన సరుకు వాళ్లు వెనక్కు తీసుకోరని మర్నాడు అతను చెప్పాడు. ఆమె నమ్మింది.

నమ్మినా, పది గంటలకు షాపు తెరవగానే తానే ఫోను చేసింది.

షాపాయన ఆమె గొంతు గుర్తుపట్టాడు. ఆయన మాట తీరు మొదటి నుంచీ నెమ్మదే. పదిహేను రోజుల్లోపు ఎప్పుడైనా మార్చుకోవచ్చునని, అది తమ షాపు పద్ధతని, రసీదు వెనుక రాసే ఉందని చెప్పాడు. ఆపైన కొంచెం ఆశ్చర్యపోతూ అడిగాడు.

"సారుకు కూడా ఇదే చెప్పానమ్మా, నాలుగు రోజుల కింద. ఆయన ఫోను చేసి గడువు గురించి అడిగారు. తీసుకురండి, వేరేది చూపిస్తానన్నాను. వద్దులెండి, మా ఆవిడకి సుఖంగానే ఉందన్నారే. ఏమైందమ్మా?"

ఏమీ కాలేదని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత రెండు గంటలు ఆమె ఒక పాత చేతి గడియారాన్ని విప్పి, మళ్లీ బిగించింది. అత్తగారు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, ఆమె వీపు చూసి వెనుదిరిగారు.

భర్త సిటీ బస్సు డ్రైవరు. పొద్దున ఒక విడత నడిపి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి, భోజనం చేసి, తిరిగి రెండింటికి వెళ్తాడు. ఆరోజు కూడా పన్నెండుంబావుకు వచ్చాడు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, ఆమె బల్ల పక్కకు వచ్చి నిలబడ్డాడు. పొద్దున ఎవరు దించారని అడిగాడు.

"అత్తయ్య సాయం చేశారు," అన్నది ఆమె, కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే. "షాపాయన పరుపు మారుస్తానన్నాడు."

అతను తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఎప్పుడన్నాడు?"

"నాతో ఇవాళ అన్నాడు. మీతో నాలుగు రోజుల కిందటే అన్నాడట."

మొదట అతనికి కోపం వచ్చింది. తన వెనక ఆరాలు తీస్తున్నావా అన్నాడు. ఆ మాట నిలవదని తానే గ్రహించి, పాత పరుపు సంగతి ఎత్తాడు. అది పరుపు కాదు, బండరాయి. రోజుకు ఎనిమిది గంటలు బస్సు సీటులో కూర్చునే తన నడుము నాలుగేళ్లు దాని మీద ఎలా పడుకుందో ఎవరైనా అడిగారా అన్నాడు. నడుము సంగతి నిజమేనని ఆమె ఒప్పుకున్నది. నాలుగేళ్లలో ఒక్కసారైనా చెప్పి ఉండవలసిందని కూడా అన్నది. అతను మూడవ దారి వెతికాడు. వచ్చే సెలవునాడు మంచం కోళ్లు నాలుగు అంగుళాలు కోయించేస్తానన్నాడు.

"కోళ్లు కోస్తే ఎత్తు తగ్గుతుంది. అంచు గట్టిపడదు కదా."

"ఎత్తడానికి నేను లేనా?"

ఆమె భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడు మొదటిసారి అతని వైపు తిరిగింది.

"నిజం చెప్పండి. ఎందుకు వద్దన్నారు?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"నాలుగేళ్లుగా ఈ ఇంట్లో నాకు పనేముంది?" అన్నాడు. "గిన్నె అందిద్దామంటే నువ్వే అందుకుంటావు. తలుపు తీద్దామని వస్తే అప్పటికే తీసి ఉంటుంది. వీధిలో కుర్చీ మీద చెయ్యి వేస్తే తియ్యమంటావు. ఈ పది రోజులే నన్ను పిలిచావు."

"మంచం ఎక్కలేక పిలిచాను."

"ఎందుకైతేనేం. పిలిచావు."

అతను తల వంచుకుని, తన అరచేతుల వైపు చూసుకుంటూ, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు.

"ఎత్తినప్పుడు నీ చేతులు నా మెడ చుట్టూ ఉంటాయి. అంతే. ఇంకేం లేదు."

నాలుగేళ్ల క్రితం ఆసుపత్రిలో, ఆమెకు వేరే మంచం, వేరే పరుపు మంచిదని నర్సు చెప్పినప్పుడు, గట్టిగా వద్దన్నది అతనే. మంచం ఒకటే ఉండాలని, తాను ఎంత గట్టి పరుపైనా ఓర్చుకుంటానని అన్నాడు. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తుకు వచ్చి ఉండాలి.

"అడిగితే వేస్తాను మీ మెడ చుట్టూ చేతులు," అన్నది ఆమె. "దానికోసం నన్ను మంచం ఎక్కలేనిదాన్ని చేయక్కర్లేదు."

భోజనానికి కూర్చున్నా, అతను సగంలో వదిలి లేచాడు. ఒకటిన్నరకే బయలుదేరాడు. తుంటి మీది మచ్చ సంగతి గాని, పొద్దున పడిన సంగతి గాని ఆమె చెప్పలేదు. చెబితే అతను ఆగేవాడు. అలా ఆగడం ఆమెకు ఇష్టం లేదు.

గుమ్మం దగ్గర అతను ఒక చెప్పు తొడుక్కుని, రెండవదానికోసం కాలు చాపుతుండగా, అత్తగారు వెనుక నుంచి నెమ్మదిగా అన్నారు.

"పొద్దున అది మంచం దిగబోయి కింద పడిందిరా. తుంటి మీద మచ్చ లేచింది. నొక్కితే తెల్లబడట్లేదు."

అతను అలాగే నిలబడిపోయాడు. వెనక్కు తిరిగి లోపలికి చూశాడు. ముందు గదిలో ఆమె మళ్లీ భూతద్దం బిగించుకుని బల్ల మీదికి వంగి ఉంది. అతను రెండవ చెప్పు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మూడు గంటలకు గడియారాలమ్మ పలకను ఒడిలో పెట్టుకుని, కొలత టేపు చేతిలో పట్టుకుని, కుర్చీ తోసుకుంటూ షాపుకు బయలుదేరింది. మూడు వీధుల దూరం. అత్తగారు పక్కనే నడిచారు. కుర్చీ మీద చెయ్యి వేయలేదు.

పనిదినం కావడంతో షాపులో రద్దీ లేదు. ఒక కొత్త జంట, దిండ్లు చూస్తున్న ఒక పెద్దమనిషి మాత్రమే ఉన్నారు. గడియారాలమ్మ తనకు కావలసినవి షాపాయనకు చెప్పింది. మంచంతో కలిపి పరుపు ఎత్తు తన కుర్చీ మెత్తతో సమానంగా ఉండాలి. అంచు మీద పిడికిలి మోపి బరువంతా వేసినా కుంగకూడదు. పడుకున్నాక మోచేత్తో తోసుకుంటే పక్కకు తిరగడం రావాలి, అలాగని ఎముక కింద రాయిలా ఒత్తకూడదు.

షాపాయన ఈసారి పనివాళ్లను పిలవలేదు. చివరి వరుసలో, వీధి వైపు అద్దానికి దగ్గరగా ఉన్న ఒక పరుపు చూపించాడు. కింద గట్టి ఫోము, పైన రెండు అంగుళాల మెత్తని పొర, చుట్టూ బిగువైన అంచు. ఎక్కువగా ఆసుపత్రుల వాళ్లు కొంటారని చెప్పాడు. ఆమె పిడికిలి మోపింది. అంచు నిలిచింది. టేపు పెట్టి చూసింది. ఎత్తు కుదిరింది.

కుర్చీ పక్కకు చేర్చి, బ్రేకు వేసి, ఆమె పలక సర్దుకుంటుండగా షాపాయన మొహమాటంగా అద్దానికి ఉన్న తెర లాగబోయాడు.

"తెర వద్దండీ," అన్నది ఆమె. "పోయినసారి సిగ్గుపడే ఇంత దాకా తెచ్చుకున్నాను."

చేతుల మీద లేచి, పలక మీదికి జరిగి, అక్కడ ఆగి, మళ్లీ లేచి, పరుపు మీదికి చేరింది. ఒక కాలిని చేత్తో పట్టి పైకి పెట్టుకుంది, తర్వాత రెండవది. దిండ్ల పెద్దమనిషి దిండు పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

"మీరూ పడుకుని చూడండి నాయనా," అన్నారు అత్తగారు. "నిలబడి కొంటే ఏమవుతుందో మా ఇంట్లో అడగండి."

పెద్దమనిషి తొందరగా దిండ్ల వైపు తిరిగాడు.

గడియారాలమ్మ చేతి గడియారం విప్పి, కళ్ల ముందు పరుపు మీద పెట్టుకుంది. వెల్లకిలా అయిదు నిమిషాలు. తర్వాత మోచేత్తో తోసుకుని, ఎర్రమచ్చ లేని కుడి తుంటి వైపు తిరిగింది. ఎవరూ తోయలేదు. పది రోజుల తర్వాత తనంతట తాను పక్క తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, అత్తగారు చూడకముందే తుడుచుకుంది.

ఇప్పుడు ఆమె ముఖం వీధి వైపు ఉంది. అద్దం అవతల బస్సు స్టాపు.

షాపాయన రసీదు పుస్తకంతో వచ్చి, కుదిరిందా అని అడిగాడు. కుదిరిందని ఆమె చెప్పింది. ఆయన కలం మూత తీసి, ఒక క్షణం తటపటాయించాడు.

"ఒక్క సంగతి ముందే చెప్పాలమ్మా. ఈ రకం ఒక మనిషికి సరిపడే సైజులోనే వస్తుంది. పెద్దది చేయరు. కావాలంటే రెండు తీసుకుని పక్కపక్కన వేసుకోవచ్చు. కానీ మధ్యలో సందు వస్తుంది. ఎంత బిగించినా వస్తుంది. పైగా ఈ గట్టిదనం సారు నడుముకు పడుతుందో లేదో మీకే తెలియాలి. ఏం రాసుకోమంటారు? ఒకటా, రెండా?"

ఆమె నోరు తెరిచేలోగా స్టాపులో బస్సు వచ్చి ఆగింది.

అది అతని బస్సే. ఆ వేళకు, ఆ స్టాపుకు రావలసినదే. ముగ్గురు దిగారు, ఇద్దరు ఎక్కారు. డ్రైవరు సీటులోంచి అతను అలవాటుగా ఇటువైపు, షాపు అద్దంలోంచి లోపలికి చూశాడు. షాపులో, అందరి ముందు, తెర లేకుండా, పరుపు మీద ఒంటరిగా పక్కకు తిరిగి పడుకున్న తన భార్యను చూశాడు. పక్కన ఖాళీ కుర్చీని చూశాడు. ఎత్తినవాళ్లెవరా అని వెతుకుతున్నట్టు అతని కళ్లు షాపంతా ఒకసారి తిరిగి, మళ్లీ ఆమె దగ్గరే ఆగాయి.

ఇరవై సెకన్లకు మించి ఏ స్టాపులోనూ ఆగని మనిషి అని డిపోలో అతనికి పేరు. ఆమె కళ్ల ముందు సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తి చేసింది. వెనుక ఏదో కారు హారను మోగించింది. బస్సులో ఒకాయన లేచి ముందుకు వచ్చి డ్రైవరుతో ఏదో అంటున్నాడు. అతను వినడం లేదు. సీటు పక్కనున్న తలుపు మీద ఒక చెయ్యి వేసి ఉంది. ఆ చెయ్యి తలుపు తెరవడమూ లేదు, వెనక్కు రావడమూ లేదు.

"అమ్మాయ్," అన్నారు అత్తగారు, అద్దం వైపు చూస్తూ, చాలా మెల్లగా.

"ఒకటా, రెండా అమ్మా?" అన్నాడు షాపాయన.

గడియారాలమ్మ పరుపు అంచును పిడికిలితో గట్టిగా పట్టుకుంది. అంచు నిలిచింది. సెకన్ల ముల్లు రెండవ చుట్టు సగం దాటింది.